ఆహారం పడని లాబ్రడార్‌కు తిండి పెట్టే పద్ధతి

లాబ్రడార్ కుక్క అదేపనిగా చెవులు గోక్కుంటూ, ముందు పాదాలను ఎర్రబడేదాకా నాకుతూ ఉంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట "చికెన్ ఎక్కువై వేడి చేసింది" అన్నదే. మరునాటి నుంచి చికెన్ మానిపించి, చలవ చేస్తుందని రెండు పూటలా పెరుగన్నం పెడతారు. కొన్నాళ్లు దురద తగ్గినట్టే కనిపిస్తుంది, తర్వాత మళ్లీ మొదలవుతుంది, అప్పుడు ప్యాకెట్ తిండికి మారుస్తారు, అదీ కుదరకపోతే ఇంకో కంపెనీ ప్యాకెట్‌కు మారుస్తారు. ఇలా ఏడాది గడిచినా కుక్కకు ఏది పడదో తెలియదు సరికదా, దానికి అలవాటైన ఆహారాల పట్టీ మాత్రం పెరిగిపోయి, తర్వాత చేయవలసిన పరీక్ష మరింత కష్టమవుతుంది.

చర్మ సంబంధమైన ఆహార అలర్జీకి ఎక్కువగా లోనయ్యే జాతులలో లాబ్రడార్ కూడా ఒకటని పశువైద్య చర్మ నిపుణులు చెబుతారు. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, వెస్ట్ హైలాండ్ టెర్రియర్ కూడా ఆ వరుసలోనివే. కుక్కలకు ఏయే ఆహారాలు పడటం లేదని 297 కుక్కల వివరాలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక సమీక్షలో గొడ్డు మాంసం 34 శాతంతో మొదటి స్థానంలోనూ, పాడి పదార్థాలు 17 శాతంతో రెండవ స్థానంలోనూ, చికెన్ 15 శాతంతో, గోధుమ 13 శాతంతో ఆ తర్వాత స్థానాలలోనూ ఉన్నాయి. బియ్యం 2 శాతం దగ్గరే ఆగింది. ఆ కుక్కలు విదేశాలవి, వాటి తిండి వేరు, కాబట్టి అవే అంకెలు మన కుక్కలకు యథాతథంగా వర్తిస్తాయని అనలేము. అయినా గొడ్డు మాంసం పెట్టని ఇంట్లో మిగిలిన మూడూ, అంటే పెరుగు, చికెన్, చపాతీ లేదా బిస్కెట్, లాబ్రడార్ గిన్నెలో రోజూ ఉండేవే. చికెన్‌ను తప్పించి పెరుగును పెంచడం అంటే ఒక అనుమానితుణ్ణి బయటికి పంపి ఇంకొకణ్ణి లోపల కూర్చోబెట్టడమే అవుతుంది. చలవ, వేడి అనే లెక్క మనుషుల విషయంలో ఎంతవరకు నిజమో ఇక్కడ చర్చించను గానీ, కుక్క దురద విషయంలో మాత్రం అది దారి తప్పిస్తుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏడాది దాటిన, మిగతా విధాల ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్‌ను దృష్టిలో పెట్టుకున్నది. ఎదిగే పిల్లలకు, చూలు కుక్కలకు, మూత్రపిండాల జబ్బో కాలేయ జబ్బో ఉన్నవాటికి ఇంటి వంటతో ఈ ప్రయోగం చేయకూడదు. ముఖ్యంగా లాబ్రడార్ పిల్ల వేగంగా ఎదిగే పెద్ద జాతిది, కాల్షియం, భాస్వరం పాళ్లు కొన్ని వారాలు తప్పినా దాని ఎముకల మీద ప్రభావం పడుతుంది.

తిండిని అనుమానించే ముందు

గోకే ప్రతి కుక్కకూ తిండే కారణం కాదు. నిజానికి ఎక్కువ కుక్కల విషయంలో అసలు కారణం గోమార్లు, ఫ్లీ పురుగులు, గజ్జి, లేదా ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులకూ పుప్పొడికీ వచ్చే అలర్జీ. వీటిలో మొదటి మూడింటిని పశువైద్యుడు ఒకటి రెండు సందర్శనల్లోనే పరీక్షించి తేల్చగలడు. చర్మాన్ని గీకి సూక్ష్మదర్శిని కింద చూడటం, చెవి గులిమిని గాజు పలక మీద పూసి ఈస్ట్ అనే సూక్ష్మ శిలీంధ్రం ఉందేమో చూడటం ఖరీదైన పనులేమీ కావు. మన కోస్తా ఉక్కపోతలో లాబ్రడార్ వేలాడే చెవుల లోపల ఈస్ట్ పెరగడం చాలా మామూలు, దానికి మందు వేయకుండా తిండి ఎంత మార్చినా దురద పూర్తిగా తగ్గదు. తిండి పడకపోవడమే మూలకారణమైన కుక్కలో కూడా ఈ ఇన్ఫెక్షన్ దాని మీద తోడై ఉంటుంది కనుక, ముందుగా ఇన్ఫెక్షన్‌ను తగ్గించి, పురుగుల మందు వేసి, ఆ తర్వాతే ఆహార పరీక్ష మొదలుపెట్టాలి.

తిండి మీద అనుమానం బలపడే లక్షణాలు కొన్ని ఉన్నాయి. దురద ఎండాకాలం, వానాకాలం అన్న తేడా లేకుండా ఏడాది పొడవునా ఉండటం, చెవి జబ్బు మందు వేసినప్పుడు తగ్గి మానగానే తిరగబెట్టడం, మలద్వారాన్ని నేలకేసి రుద్దుకోవడం, రోజుకు మూడుసార్ల కంటే ఎక్కువ మలవిసర్జన చేయడం, అప్పుడప్పుడూ వాంతులు కావడం వాటిలో ముఖ్యమైనవి. ఏడాది నిండకముందే దురద మొదలైనా, జీవితమంతా బాగుండి ఏడేళ్లు దాటాక హఠాత్తుగా మొదలైనా తిండిని గట్టిగా అనుమానించవచ్చు. కొత్త తిండి పెట్టిన వెంటనే దురద రాలేదు కాబట్టి తిండి కారణం కాదు అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అలర్జీ సాధారణంగా చాలాకాలం తిన్న ఆహారం మీదే పుడుతుంది. "పుట్టినప్పటి నుంచి ఇదే తింటోంది, ఇప్పుడెందుకు పడదు?" అని అడిగేవారికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

పాలు తాగితే విరేచనాలు కావడం మాత్రం వేరే సంగతి. తల్లి పాలు మానాక చాలా కుక్కల్లో పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించే శక్తి తగ్గుతుంది, అది అలర్జీ కాదు, పాలు తగ్గిస్తే సరిపోతుంది. పెరుగులోనూ మజ్జిగలోనూ లాక్టోజ్ కొంత తక్కువ కనుక అవి అరగవచ్చు, కానీ పాల మాంసకృత్తులకు అలర్జీ ఉన్న కుక్కకు పెరుగైనా, పనీరైనా, మజ్జిగైనా ఒకటే.

రక్తం, లాలాజలం, వెంట్రుకలు పంపితే ఏ ఆహారం పడదో చెబుతామనే పరీక్షల మీద డబ్బు పెట్టవద్దని నా గట్టి సలహా. ఆరోగ్యంగా ఉన్న కుక్కల నమూనాలకు కూడా అవి పడని ఆహారాల పెద్ద జాబితా ఇస్తాయి. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: కుక్క ఇంతవరకు తినని పదార్థాలను మాత్రమే ఎనిమిది వారాలు పెట్టి, తగ్గితే పాత తిండిని తిరిగి పెట్టి చూడటం.

పాత తిండి జాబితా

మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని, కుక్క పుట్టినప్పటి నుంచి ఏమేం తిన్నదో కాగితం మీద రాయాలి. గిన్నెలో పెట్టింది రాయడం తేలిక, చేతిలోంచి పడిందీ పెట్టిందీ రాయడమే కష్టం. చికెన్ షాపులో కుక్క కోసమని తెచ్చే కాళ్లు, మెడలు, కార్జం, ఆదివారం మటన్ ఎముక, ఉదయం టీతో పాటు ఇచ్చే బిస్కెట్, కోడిగుడ్డు, పెరుగన్నం, ఇడ్లీ, మీల్ మేకర్, అన్నీ అందులోకి రావాలి. ప్యాకెట్ తిండి పెట్టి ఉంటే దాని వెనుక ముద్రించిన పదార్థాలను కూడా చదవాలి. మన దగ్గర ఏ కంపెనీ ప్యాకెట్‌నైనా "పెడిగ్రీ" అనే పిలిచే అలవాటు ఉంది కనుక, ఏ ప్యాకెట్ ఎప్పుడు పెట్టారో గుర్తు తెచ్చుకోవడం ఒక పనే. ముందు వైపు గొర్రె మాంసం, అన్నం అని పెద్ద అక్షరాలతో ఉన్న ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాల్లో కోడి కొవ్వు, పౌల్ట్రీ మీల్, గోధుమ కనిపించడం అరుదు కాదు.

ఈ జాబితాలో లేనిదే పరీక్షకు పనికి వచ్చే ఆహారం. అయితే జాబితాలో లేకపోయినా దగ్గరి బంధువులు ఉంటాయి: చికెన్ పడని కుక్కకు బాతు, కౌజు, టర్కీ కూడా పడకపోవచ్చు, గొడ్డు మాంసమో పాలో పడని కుక్కకు గొర్రె, మేక మాంసం కూడా ఇబ్బంది పెట్టవచ్చు. అందువల్ల చికెన్ బదులు కౌజు పిట్ట పెట్టి చూశాం, తగ్గలేదు అంటే పరీక్ష జరిగినట్టు లెక్క కాదు.

పరీక్షాహారాన్ని ఎంచుకోవడం

రెండు దారులున్నాయి. ఒకటి, పశువైద్యుని చీటీతో కొనే హైడ్రొలైజ్డ్ ఆహారం. ఇందులో మాంసకృత్తులను చాలా చిన్న తునకలుగా విడగొడతారు కనుక శరీర రక్షణ వ్యవస్థ వాటిని గుర్తుపట్టి ఎదురు తిరిగే అవకాశం తగ్గుతుంది. రాయల్ కానిన్ హైపోఅలర్జెనిక్‌లో ప్రధానంగా సోయా మాంసకృత్తులను, ఫార్మినా వెట్ లైఫ్ అల్ట్రాహైపోలో చేప మాంసకృత్తులను ఇలా విడగొట్టి వాడతారు. కోడి నుంచి తయారైన హైడ్రొలైజ్డ్ ఆహారాలూ ఉన్నాయి, కానీ జీవితమంతా చికెన్ తిన్న మన లాబ్రడార్‌కు అది మొదటి ఎంపిక కాకూడదు, ఎందుకంటే చికెన్‌కు తీవ్రమైన అలర్జీ ఉన్న కొన్ని కుక్కలు విడగొట్టిన తునకలకు కూడా స్పందిస్తాయి. ఈ ప్యాకెట్లు మామూలు వాటికంటే బాగా ఖరీదైనవి. అయినా పోషకాలన్నీ సరిపడా ఉంటాయి, తూచడం తప్ప వేరే పని ఉండదు, మాంసం వండని ఇళ్లకు ఇదే సులువైన మార్గం. మామూలు దుకాణంలో చీటీ లేకుండా దొరికే "అలర్జీ" ప్యాకెట్లు మాత్రం ఈ పరీక్షకు పనికిరావు. అలాంటి ప్యాకెట్లను పరిశోధకులు పరీక్షించినప్పుడు పైన రాయని జంతు మాంసకృత్తులు చాలాసార్లు బయటపడ్డాయి.

గింజధాన్యాలు లేనివని చెప్పి అమ్మే ప్యాకెట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. గోధుమను మినహాయిస్తే, కుక్కలకు ఎక్కువగా పడనివి మాంసాలు, పాలే తప్ప ధాన్యాలు కావు. పైగా బఠాణీలు, పప్పుధాన్యాలు, బంగాళాదుంపలు ప్రధానంగా ఉన్న అలాంటి ఆహారాలకూ కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018 జులైలో విచారణ మొదలుపెట్టింది. సంబంధం రుజువు కాలేదు గానీ, దురదకు మందుగా వాటిని కొనడానికి కారణమూ లేదు.

రెండవ దారి ఇంటి వంట. ఒక కొత్త మాంసకృత్తు, ఒక కొత్త పిండి పదార్థం, అంతే. మన ప్రాంతంలో, ఇంతవరకు చేప తినని లాబ్రడార్‌కు నేను సూచించే జత కొర్రమీను, జొన్న. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప అన్న గౌరవం కోసం కాదు, బొచ్చె, రాగండి చేపల్లా దాని కండలో సన్నని ముళ్లు అంతగా ఉండవు, ఆబగా మింగే జాతికి అది పెద్ద సౌకర్యం. గోదావరి జిల్లాల్లో చేపల పులుసు గిన్నె నాకుతూ పెరిగిన కుక్కకు చేప కొత్త కాదు కనుక దానికి కుందేలు మాంసమో, అభ్యంతరం లేని ఇళ్లలో పంది మాంసమో చూసుకోవాలి. అలాగే జొన్నరొట్టె తిని పెరిగిన కుక్కకు జొన్న బదులు చిలగడదుంప వాడాలి. బియ్యం పడకపోవడం అరుదే, కానీ రోజూ తిన్న పదార్థం కాబట్టి ఈ ఎనిమిది వారాలు దానిని పక్కన పెట్టడమే నయం.

వండే తీరు, కొలతలు

స్టెరిలైజేషన్ అయిన, అపార్ట్‌మెంటులో ఉండి రోజుకు రెండుసార్లు నడకకు వెళ్లే 30 కిలోల లాబ్రడార్‌కు రోజుకు సుమారు 1,100 నుంచి 1,250 కిలోకేలరీలు చాలు. ముళ్లు, చర్మం తీసిన కొర్రమీను 400 గ్రాములు, పొడి జొన్నరవ్వ 200 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె రెండు టీ చెంచాలు కలిపితే దాదాపు 1,150 కిలోకేలరీలు వస్తాయి. కుక్క అంతకుముందు ఇంటి వంటలో తిన్న రకం నూనే అయినా ఫరవాలేదు, శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు, కానీ వేపుడు చేసి మిగిలిన నూనెను తాకవద్దు. నెయ్యి కూడా వద్దు. జొన్నరవ్వను సంకటిలా మెత్తగా ఉడికించి, చేపను విడిగా నీళ్లలో ఉడికించి, చల్లారాక చేతి వేళ్లతో ఒక్కొక్క ముక్కనూ నలిపి ముళ్లు చూసుకుని కలపాలి. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ఏవీ అక్కర్లేదు. ఉల్లి, వెల్లుల్లి ఈ పరీక్షతో సంబంధం లేకుండా ఎప్పుడూ పెట్టకూడనివే, అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. చేపను పచ్చిగా పెట్టవద్దు, కొన్ని చేపల్లో ఉండే ఒక ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, ఉడికిస్తే దాని శక్తి పోతుంది.

జొన్నలను పిండిమరకు పంపితే అంతకుముందు ఎవరో పట్టించుకున్న గోధుమ పిండి కొంత అందులో కలిసి వస్తుంది. అందుకని జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో రవ్వగా పట్టుకోవడం మంచిది. ఇది చాదస్తంగా తోచవచ్చు, కానీ అనుమానితుల్లో గోధుమ ఒకటి అయినప్పుడు ఆ కొద్ది పిండి చాలు ఫలితాన్ని చెడగొట్టడానికి.

కొత్త తిండికి ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రెండు రోజులు నాలుగో వంతు, తర్వాత రెండు రోజులు సగం, ఆపై ముప్పాతిక, అలా వారానికి పూర్తిగా మార్చాలి. ఎనిమిది వారాల లెక్క పాత తిండి పూర్తిగా మానిన రోజు నుంచి మొదలవుతుంది, కలిపి పెట్టిన వారం లెక్కలోకి రాదు.

ఇంటి వంటలో లోటు ఏమిటంటే కాల్షియం. ఈ బరువు కుక్కకు రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల కాల్షియం కావాలి, ముళ్లు తీసిన చేపలోనూ జొన్నలోనూ అది చాలా తక్కువ. వాసన, రుచి కలపని కాల్షియం కార్బొనేట్ పొడిని డాక్టరు చెప్పిన మోతాదులో కలపవచ్చు. అందులో 40 శాతమే కాల్షియం ఉంటుందని గుర్తుంచుకోవాలి. పెంపుడు జంతువుల కోసం అమ్మే తియ్యని కాల్షియం సిరప్‌లలో రుచి కోసం ఏవేవో కలుపుతారు కనుక ఈ కాలంలో అవి వద్దు. ఆరోగ్యమైన పెద్ద కుక్క ఎనిమిది వారాలు ఈ తిండితో గడపగలదు, కానీ ఇదే తిండిని ఏడాది పొడవునా కొనసాగిస్తే జింక్, రాగి, అయొడిన్, డి, ఇ విటమిన్లు కూడా లోపిస్తాయి. ఆ సంగతి చివర చెబుతాను.

ఇంట్లో వాళ్ల మీద కాపలా

ఈ పరీక్ష చెడిపోయేది గిన్నెలో కాదు, ఇంట్లో వాళ్ల చేతుల్లో. కుక్క బిక్కమొహం పెట్టి చూస్తే ఒక ముద్ద పెట్టకుండా తినలేని నాన్నమ్మ, బిస్కెట్ సగం కొరికి కింద పడేసే మనవడు, నడకలో కనిపించగానే చపాతీ ముక్క అందించే వాచ్‌మన్, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉంటారు. ఇక లాబ్రడార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వెల్లడించిన దాని ప్రకారం, ఈ జాతిలో దాదాపు నాలుగింట ఒక కుక్కకు ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లేదు. ఎంత తిన్నా తిన్నట్టు అనిపించని కుక్క చెత్తబుట్టను వదలదు, రోడ్డు మీద పేడను కూడా వదలదు. నడకలో పట్టీ పొట్టిగా పట్టుకోవాలి, అవసరమైతే నోరు తెరిచి రొప్పడానికి వీలుండే బుట్టలాంటి మజిల్ (మూతి తొడుగు) వేయాలి.

కుక్కకు ఏమీ పెట్టవద్దని పెద్దవాళ్లకు చెప్పడం కంటే, పెట్టడానికి పనికి వచ్చేది వాళ్ల చేతికి ఇవ్వడం తేలిక. అదే జొన్నపిండితో, గోధుమ పిండి చల్లకుండా, పలుచని రొట్టె చేసి పెనం మీద కరకరలాడేదాకా కాల్చి, వేలిగోరంత ముక్కలుగా తుంచి ఒక డబ్బాలో పోసి "ఇది మాత్రమే పెట్టండి" అని నాన్నమ్మకు అప్పగిస్తే గొడవ ఉండదు. ఆ ముక్కలను కూడా రోజు తిండిలో భాగంగానే లెక్కవేసి, గిన్నెలో అంతమేరకు తగ్గించాలి.

మందుల సంగతి చాలామంది మరచిపోతారు. గోమార్లకు నమిలించే మాత్రల్లోనూ, నులిపురుగుల మాత్రల్లో కొన్నింటిలోనూ గొడ్డు మాంసం, పంది కార్జం లాంటి రుచులు కలుస్తాయి, కుక్కల టూత్‌పేస్టులో కోడి రుచి ఉంటుంది, మందు క్యాప్సూళ్ల గొట్టాలు సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్‌తో చేసినవి. ఈ ఎనిమిది వారాలకు మెడ వెనుక చర్మం మీద వేసే గోమారి మందు, రుచి లేని మాత్రలు రాయమని డాక్టర్‌ను ముందే అడగాలి. మా ఇంట్లో మొదటిసారి ఈ పరీక్ష ఐదవ వారంలో ఆగిపోయింది. అందరి మీదా నిఘా పెట్టి, బిస్కెట్ డబ్బాకు తాళం వేసి, చివరికి తెలిసిందేమిటంటే రోజూ రాత్రి మందు మాత్రను పెరుగన్నం ముద్దలో దాచి మింగించింది నేనే. రెండవసారి మాత్రను చేప ముక్కలో పెట్టాను.

ఇంట్లో పిల్లి ఉంటే దాని గిన్నె ఎత్తైన చోట పెట్టాలి. కుక్క గిన్నెను గిన్నెల సబ్బుతో విడిగా తోమాలి.

వారం వారం లెక్క

ప్రతి ఆదివారం ఒకే మనిషి, ఒకే పుస్తకంలో, కుక్క దురదకు సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయాలి: సున్నా అంటే అసలు గోకడం లేదు, పది అంటే రాత్రంతా నిద్ర లేకుండా గోకుతోంది. పాదాల వేళ్ల సందులను, చెవుల లోపలి భాగాన్ని అదే వెలుతురులో ఫొటో తీసుకోవాలి. మలం ఎలా ఉందో, రోజుకు ఎన్నిసార్లో కూడా రాయాలి. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే, ఖర్చు పెట్టిన వారికి తగ్గినట్టూ, విసిగిన వారికి తగ్గనట్టూ అనిపిస్తుంది.

మలం, వాంతులు సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లోనే కుదుటపడతాయి, చర్మం నిదానం. పడని తిండి మానిన కుక్కల్లో 80 శాతానికి పైగా ఐదు వారాల్లో, 90 శాతానికి పైగా ఎనిమిది వారాల్లో మెరుగవుతాయి. మూడవ వారంలో ఏమీ తేడా లేదని ఆపేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మొదట్లో దురద భరించలేనిదిగా ఉంటే డాక్టర్ స్టెరాయిడ్ గానీ, ఒక్లాసిటినిబ్ లాంటి దురద మాత్ర గానీ ఇవ్వవచ్చు, తప్పులేదు. అయితే వాటిని మానేసిన తర్వాత కనీసం రెండు వారాలైనా అదే తిండి మీద గడిస్తేనే తగ్గింది మందు వల్లా తిండి వల్లా అన్నది తెలుస్తుంది.

పాత తిండిని తిరిగి పెట్టడం

ఎనిమిది వారాలకు కుక్క నిగనిగలాడుతూ ఉంటే, మళ్లీ పాత తిండి పెట్టమని చెబితే ఏ యజమానికీ మనసు ఒప్పదు. కానీ ఈ మెట్టు ఎక్కకపోతే పరీక్ష సగమే అయినట్టు. తగ్గింది తిండి వల్లా, కాలం మారడం వల్లా, ఇన్ఫెక్షన్‌కు వేసిన మందు వల్లా అన్నది తెలియదు. పాత తిండిని యథాతథంగా రెండు వారాల వరకు పెట్టాలి. తిండే కారణమైతే కొన్ని కుక్కలకు గంటల్లోనే, ఎక్కువ కుక్కలకు 14 రోజుల్లోపే దురద తిరిగి వస్తుంది. రాగానే ఆపి పరీక్షాహారానికి తిరిగి వెళ్లాలి, కొద్ది రోజుల్లో మళ్లీ శాంతిస్తుంది. పాత తిండి తిన్నా రెండు వారాల్లో ఏమీ కాకపోతే, తిండికి నిర్దోషిగా తీర్పు ఇచ్చి డాక్టర్‌తో దుమ్ము, పుప్పొడి అలర్జీల గురించి మాట్లాడాలి.

దోషం తిండిదే అని తేలాక, పరీక్షాహారానికి ఒక్కొక్క పదార్థాన్ని చేర్చి చూడాలి. మన ఇళ్లకు నేను చెప్పే వరుస ఇది: మొదట ఉడికించిన చికెన్, తర్వాత పెరుగు, తర్వాత చపాతీ రూపంలో గోధుమ, ఆపై కోడిగుడ్డు. ఒక్కొక్కటి రోజూ రెండు మూడు పెద్ద చెంచాల చొప్పున రెండు వారాల వరకు పెట్టాలి. దురద వస్తే ఆ పదార్థం పేరు ఎర్ర సిరాతో రాసి, కుక్క పూర్తిగా కుదుటపడేదాకా ఆగి, తర్వాతి దానికి వెళ్లాలి. ఒక కుక్కకు ఒకటి కంటే ఎక్కువ పడకపోవచ్చు కనుక మొదటి దోషి దొరకగానే ఆపవద్దు. పాత తిండి తిన్నప్పుడు ముఖం వాచడం, ఊపిరి తీసుకోవడం కష్టం కావడం, ఆగని వాంతులు ఎప్పుడైనా కలిగి ఉంటే మాత్రం ఈ దశను ఇంట్లో చేయకూడదు.

దీనికంతటికీ నాలుగైదు నెలలు పడుతుంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు అందుబాటులో ఉన్నవారు వాటి సలహా తీసుకోవచ్చు.

తేలిన తర్వాత రోజువారీ తిండి

పడనిది తెలిశాక, అది లేని పూర్తి ప్యాకెట్ ఆహారం దొరికితే దానికి మారడమే సులువు. ప్రతి కొత్త సంచి కొన్నప్పుడూ వెనుక ముద్రించిన పదార్థాలను మళ్లీ చదవాలి, కంపెనీలు చెప్పకుండానే పాళ్లు మారుస్తుంటాయి. చికెన్ పడని కుక్కకు "పౌల్ట్రీ", "మీట్ మీల్", "జంతు మాంసకృత్తులు" అని జాతి చెప్పకుండా రాసిన ప్యాకెట్ కొనకూడదు. తీరప్రాంతపు తేమలో తెరిచిన సంచిలో కంటికి కనిపించని పురుగులు చేరి వాటికే వేరే అలర్జీ రావచ్చు. నెలలోపు అయిపోయే చిన్న సంచి కొని, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

ఇంటి వంటనే కొనసాగించదలచినవారు చికెన్ పడకపోయినా బియ్యం పడితే అన్నానికి హాయిగా తిరిగి వెళ్లవచ్చు. అయితే కుక్క బరువు, వయసు, వంట పాళ్లు చెప్పి పశుపోషణ నిపుణుడి చేత ఖనిజాలు, విటమిన్ల మిశ్రమాన్ని లెక్కకట్టించుకోవాలి. మార్కెట్లో దొరికే మల్టీవిటమిన్ టానిక్‌తో ఈ లోటు తీరదు.

దురద తగ్గిన లాబ్రడార్ సంతోషంతో పాటు బరువు కూడా పెంచుకుంటుంది. పక్కటెముకల మీద అరచేయి వేసి నొక్కకుండా రాస్తే ఎముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. లేకపోతే తిండిలో పదో వంతు తగ్గించి నెల తర్వాత తూచాలి. ఊరెళ్లినప్పుడు కుక్కను ఎవరికైనా అప్పగించేటట్టయితే పడని పదార్థాల పేర్లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, దాని తిండితో పాటు ఇవ్వాలి, జొన్నరొట్టె ముక్కల డబ్బా కూడా మరవకుండా. ఇవన్నీ పాటిస్తున్నా ఏటా వానలు పడగానే పాదాలు నాకడం మొదలైతే, తిండిని మళ్లీ మార్చవద్దు. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో చాలావాటికి దుమ్ము, బూజు అలర్జీలు కూడా ఉంటాయి. ఆ నెలల్లో పరుపు గుడ్డలను వారానికోసారి వేడినీళ్లతో ఉతికి, బయటి నుంచి రాగానే పాదాలు కడిగి వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, చెవులు చూపించడానికి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.